ఉద్ధరిణెడు నీళ్ళు

మా నాన్నగారికి మంచినీళ్ళు ఇవ్వకూడదని చెప్పినప్పుడు, ఆ డాక్టరుగారికి ఎండదెబ్బ తగిలిందేమో అనుకున్నాను. మే నెల, రాజమండ్రి. బయట రోడ్డు మీద తారు చెప్పులకి అంటుకుంటోంది. డెబ్భై ఆరేళ్ళ మనిషి, పక్షవాతం వచ్చి ఆసుపత్రిలో పదహారు రోజులు పడుకుని, బతికి బయటపడ్డ మనిషి. అలాంటి మనిషికి గుక్కెడు నీళ్ళు ఇవ్వొద్దంటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. నాకు మామూలుగానే త్వరగా మండుతుంది. ఇరవై ఎనిమిదేళ్ళుగా హైస్కూల్లో లెక్కలు చెబుతున్నదాన్ని. నా నోటి సంగతి నా దగ్గర చదివిన తల్లులకీ తెలుసు, వాళ్ళ పిల్లలకీ తెలుసు.

డాక్టరుగారు కోప్పడలేదు. చిన్న వయసే. కాగితం మీద గొంతు బొమ్మ గీసి చూపించారు. పక్షవాతం నాన్నగారి కుడి చేతినీ, కుడి కాలినీ, మాటనీ పట్టుకోవడంతో ఆగలేదట, మింగడాన్ని కూడా పట్టుకుందట. మెత్తటి అన్నం ముద్దయితే నెమ్మదిగా దిగుతుంది. నీళ్ళు పల్చన కాబట్టి గొంతు తలుపు పడేలోపే దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి జారిపోతాయి. మనకైతే పొలమారుతుంది, దగ్గుతాం, కక్కేస్తాం. నాన్నగారికి ఆ దగ్గు కూడా రావడం లేదు. అందుకని నీళ్ళు పోయినట్టు పక్కనున్నవాళ్ళకి తెలియదు. ఒకటి రెండు రోజులు పోయాక, జ్వరం వచ్చినప్పుడు తెలుస్తుంది. అందువల్ల మంచినీళ్ళయినా మజ్జిగయినా కాఫీ అయినా, చివరికి మాత్ర మింగించే చెంచాడు నీళ్ళయినా సరే, వాళ్ళిచ్చిన పొడి కలిపి జావలా చిక్కబరిచి పట్టాలి.

అది ఆసుపత్రి కాదు, రిహాబ్ సెంటర్. ఆసుపత్రివాళ్ళు ప్రాణం నిలబెట్టి పంపారు. మనిషిని నిలబెట్టడం వీళ్ళ పని. కింద వ్యాయామాల హాలు, మేడ మీద గదులు. చేరిన రోజునే డాక్టరుగారు నన్నూ అమ్మనీ కూర్చోబెట్టి ఇంకో మాట కూడా చెప్పారు. ఇక్కడికి వచ్చినవాళ్ళలో కొంతమంది నడక నేర్చుకోకుండానే మళ్ళీ వెనక్కి ఆసుపత్రికి వెళ్ళిపోతుంటారట. బాత్రూంలో జారిపడి ఒకరు, మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి ఒకరు, బీపీ మాత్ర మానేసి రెండోసారి పక్షవాతం తెచ్చుకుని ఒకరు, ఇలా గొంతులోంచి నీళ్ళు దారితప్పి ఇంకొకరు. మీ నాన్నగారి ఒంట్లో ఉన్న కాస్త ఓపికా మొదటిసారికే ఖర్చయిపోయింది, ఇప్పుడు వెనక్కి వెళ్తే మళ్ళీ ఈ గదికి తిరిగొస్తారని నేను చెప్పలేను అన్నారు. చెప్పాల్సిన మాటే, మెత్తగానే చెప్పారు. అమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ రోజు నుంచి 'వెనక్కి' అన్న మాట చెవిన పడితే చాలు, లేచి వెళ్ళి నాన్నగారి ఛాతీ ఆడుతోందో లేదో చూసేదాన్ని.

మూడో రోజున ఆ మాటకి అర్థం కళ్ళారా చూశాను. మా ఎదురు గదిలో జంగారెడ్డిగూడెం వైపు నుంచి వచ్చిన రైతు ఉండేవాడు, పామాయిల్ తోట ఉందట. మా నాన్నగారి కంటే పదిహేనేళ్ళు చిన్న. కర్ర పట్టుకుని వరండా ఈ చివర నుంచి ఆ చివరకి నడిచేసేవాడు కూడా. పొద్దున్న కాలు వాచింది, మధ్యాహ్నానికి ఆయాసం మొదలైంది, మూడింటికి అంబులెన్సు వచ్చింది. వాళ్ళావిడ హడావుడిలో స్టీలు గ్లాసు కిటికీలో మర్చిపోయి వెళ్ళింది. నేను ఆ గ్లాసు తీసి అక్కడ పనిచేసే ఆయమ్మకి ఇచ్చి వచ్చి, నాన్నగారి మంచం పక్కన గోడకి ఒక చార్టు అతికించాను. ఏ మందు ఎన్నింటికి, ఏ పక్కకి ఎప్పుడు తిప్పాలి, నీళ్ళలో పొడి ఎన్ని చెంచాలు. లెక్కల టీచర్ని కదా, చార్టులో ఉంటే నాకు ధైర్యం.

వేసవి సెలవులు కావడం నా అదృష్టం. పగలూ రాత్రీ నేనే ఉన్నాను. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కలేదు, లిఫ్టంటే భయం. అందుకని మా ఇంట్లోనే ఉండి వండి, క్యారేజీ పంపేది. రెండు మూడు రోజులకోసారి ధైర్యం చేసి లిఫ్టెక్కి వచ్చి చూసి వెళ్ళేది.

నాన్నగారి సంగతి చెప్పాలి. కోనసీమలో మా ఊరి చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళకి ఆయనే పురోహితులు. పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, తద్దినాలు, ఏదైనా ఆయన నోటి మీదుగా జరగాల్సిందే. పొద్దున్న నుంచి రాత్రి దాకా మాట్లాడే వృత్తి. అలాంటి మనిషికి మిగిలింది ఒకే ఒక్క మాట, "అదీ." ఆకలేసినా అదీ, నొప్పెట్టినా అదీ, నన్ను పిలవాలన్నా అదీ. మనం చెప్పేది మాత్రం ఆయనకి అంతా అర్థమవుతుంది. చెప్పదలుచుకున్నది లోపల ఉండి బయటికి రాక, ఎడమ చేత్తో మంచం పట్టీని కొట్టేవారు. ఇంక పొడి కలిపిన కాఫీ చూసినప్పుడైతే చెప్పక్కర్లేదు. గ్లాసు అంచు దాకా నురగ ఉండాలి, చెయ్యి కాలాలి, అప్పుడే ఆయనకి అది కాఫీ. నేనేమో చల్లారిన రాగిజావ లాంటిది చెంచాతో నోట్లో పెట్టేదాన్ని. "అదీ!" అనేవారు. ఆ ఒక్క మాటకి మాత్రం నాకు పూర్తి అర్థం తెలిసేది, ఇక్కడ రాయకూడదు.

మాట నేర్పడానికీ, మింగడం నేర్పడానికీ ఒకే అమ్మాయి వచ్చేది. స్పీచ్ థెరపిస్టు అంటారు. ఉప్పాడ అమ్మాయి, తండ్రి చేపల పడవకి వెళ్తాడట. తాతగారూ తాతగారూ అంటూ బొమ్మల కార్డులు చూపించేది, గొంతు మీద బయటి నుంచి ఐసు ముక్క తాకించి మింగించేది. రోజూ పదింటికి రాగానే నన్ను మొదట అడిగే ప్రశ్న ఒకటే. నిన్నటి నుంచి పొడి కలపకుండా నీళ్ళేమైనా తాగారా అని. నేను రోజూ చార్టు చూపించి లేదనేదాన్ని.

చేరిన వారానికి ఆదివారం మా వారు కొత్త జంధ్యం తెచ్చారు. ఆసుపత్రిలో స్కానింగ్‌కి తీసుకెళ్తూ పాతది తీసేశారు. అప్పటి నుంచి నాన్నగారి ఎడమ చెయ్యి మాటిమాటికీ భుజం మీదకి వెళ్ళి తడుముకునేది. చూడలేకపోయేవాళ్ళం. మా వారు బ్యాంకు మనిషి. మంత్రం చూసి చదువుదామని ఫోన్లో పెట్టుకుని వచ్చారు. పంచపాత్రలో నీళ్ళు పోసి, మంచం పక్కన నిలబడి ఆచమనంతో మొదలుపెట్టి, రెండో పేరు దగ్గరే తడబడ్డారు.

అప్పుడు వినపడింది. "కేశవాయ స్వాహా. నారాయణాయ స్వాహా. మాధవాయ స్వాహా." గొంతు బొంగురుగా ఉంది. మాట మాత్రం ముత్యంలా ఉంది. మా వారు ఫోను జేబులో పెట్టేశారు. ఇరవై మూడు రోజుల తర్వాత మా నాన్నగారి నోట్లోంచి 'అదీ' కాని మాట రావడం అదే మొదలు. పైగా అది తప్పు దిద్దడానికి వచ్చింది. నేను వరండాలోకి పరిగెత్తి అమ్మకి ఫోన్ చేసి ఏడ్చాను. ఏమైందో చెప్పకుండా ముందు ఏడవడంతో పాపం అమ్మ గుండె ఆగినంత పనైంది.

మర్నాడు థెరపీ అమ్మాయికి చెబితే ఎంత సంబరపడిందో. చిన్నప్పటి నుంచి నోటికి వచ్చిన పాటలు, ప్రార్థనలు మెదడులో మరో చోట దాక్కుని ఉంటాయట. మామూలు మాట పోయినా అవి ఒక్కోసారి మిగులుతాయట. రోజూ చెప్పించండి మేడమ్, ఆ దారిలోనే మిగతా మాటలు వస్తాయేమో చూద్దాం అంది. ఇంకేం కావాలి నాకు. మంచం పక్కన చార్టులో పొద్దున్న ఆరింటి ఎదురుగా, సాయంత్రం ఆరింటి ఎదురుగా 'సంధ్యావందనం' అని ఎర్రసిరాతో రాశాను.

ఆరింటికి తడిగుడ్డతో ఒళ్ళు తుడిచి, విభూతి పెట్టి, దిండ్లు ఎత్తు పెట్టి కూర్చోబెట్టేదాన్ని. ఎడమ చేత్తో చెయ్యకూడదు కాబట్టి, చచ్చుబడిన ఆయన కుడి చెయ్యి నా చేతిలోకి తీసుకుని, వేళ్ళు వంచి, అరచెయ్యి దొప్పలా చేసి, పంచపాత్రలోని చిన్న చెంచా, ఉద్ధరిణెతో నీళ్ళు పోసేదాన్ని. మినపగింజ మునిగేంత చాలని ఆయనే చిన్నప్పుడు మాకు చెప్పేవారు. ఆ చేతిని పైకెత్తి పెదాలకి ఆనిస్తే ఆయన పేరు చెప్పి పీల్చుకునేవారు. మూడు పేర్లు, మూడు సార్లు. సంధ్యలో ఆచమనం ఒకసారితో అయిపోదు, మధ్యమధ్యలో మళ్ళీ మళ్ళీ వస్తుంది. మొదట్లో మూడు పేర్లే వచ్చాయి, నాలుగు రోజులకి సంకల్పం సగం వచ్చింది, వారానికి సూర్యుడి మంత్రం మొత్తం వచ్చింది. ఆడపిల్లనని సంధ్యావందనం దగ్గరికి రానివ్వని ఇంట్లో పుట్టాను నేను. ఇప్పుడు నేను చెయ్యి ఎత్తకపోతే మా నాన్నగారికి సంధ్య లేదు. గర్వంగా ఉండేది, ఒప్పుకుంటాను.

సంధ్య మొదలుపెట్టిన తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఆయన అన్నం వద్దని మొహం తిప్పుకున్నారు. ఎండకేమో అనుకున్నాను. మూడింటికి చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది. నూటరెండు జ్వరం. ఊపిరి తీస్తుంటే లోపల గరగర. వేలికి తగిలించే మిషన్లో ఆక్సిజన్ తగ్గింది. ఎక్స్‌రే తీశారు, రక్తం తీశారు, సెలైన్ పెట్టి యాంటీబయాటిక్ ఎక్కించారు. డాక్టరుగారు ఎక్స్‌రేని వెలుతురుకి పెట్టి, కుడి ఊపిరితిత్తి కింది భాగంలో తెల్లటి మచ్చ చూపించారు. నీళ్ళు పోయాయన్నారు. రేపు సాయంత్రం దాకా చూస్తానన్నారు. అప్పటికి జ్వరం దిగకపోయినా, ఆక్సిజన్ ఇంకా తగ్గినా వెనక్కి పంపక తప్పదన్నారు.

నా నోటి సంగతి మొదట్లోనే చెప్పాను కదా, భయం వేసినా కోప్పడతాను. థెరపీ అమ్మాయి పరిగెత్తుకొచ్చి, పల్చటి నీళ్ళు ఎవరైనా పట్టారా, గుర్తు చేసుకోండి, టీ, కొబ్బరినీళ్ళు, ముంజలు, చూడ్డానికి వచ్చినవాళ్ళు ఏమైనా తెచ్చారా అని అడిగింది. నేను చార్టు పీకి ఆమె చేతిలో పెట్టాను. ఇరవై ఎనిమిదేళ్ళలో నేను రిజిస్టర్లో ఒక్క తప్పు రాయలేదని, చుక్క నీరు కూడా ఇవ్వలేదని, కావాలంటే ఒట్టేస్తానని అన్నాను. అబద్ధం కాదు. నిజంగా అలాగే నమ్మాను.

మరి నేను ఇవ్వకపోతే ఎవరిచ్చినట్టు? ఆయమ్మ. గదులు తుడిచి, పక్కలు మార్చే ఆవిడ. నేను స్నానానికి వెళ్ళినప్పుడు నాన్నగారి దగ్గర కూర్చునేది. ఆవిడ టీ తాగుతుంటే నాన్నగారు గ్లాసు వంక చూడటం నేను ఒకసారి గమనించాను కూడా. అది చాలింది నాకు. వరండాలో నలుగురూ వింటుండగా నిలదీశాను. జాలిపడి ఇచ్చి ఉంటావు, నీ జాలికి మా నాన్నగారి ప్రాణం మీదకొచ్చింది అన్నాను. ఆవిడ చీపురు కింద పెట్టేసింది. "నేనెందుకు పోస్తానండి. రోజూ మీరు పొడి కలపడం చూత్తానే ఉన్నాను కదండి," అని మాత్రం అని, కళ్ళు తుడుచుకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి సంగతి ఎందుకులెండి, ఎలాగో తెల్లారింది. జ్వరం నూటొకటి. నాన్నగారు కళ్ళు తెరిచి, ఎడమ చేత్తో పంచపాత్ర వంక చూపించారు. జ్వరంలో కూడా సంధ్య మానని మనిషి. నాకు ధైర్యం వచ్చింది, మనిషి స్పృహలో ఉన్నారు, అడుగుతున్నారు అని. మొహం తుడిచి, దిండ్లు ఎత్తి, ఆయన అరచెయ్యి నా చేతిలోకి తీసుకుని ఉద్ధరిణెడు నీళ్ళు పోశాను. కేశవాయ స్వాహా అన్నారు, పీల్చుకున్నారు. రెండోసారి పోశాను.

"మేడమ్, ఏంటండి అది?"

గుమ్మంలో థెరపీ అమ్మాయి. బెంగపడి, డ్యూటీ టైముకి ముందే వచ్చేసింది. నేను నవ్వుతూ సంధ్యావందనం అమ్మా, నువ్వు చెప్పించమన్నదే అన్నాను. ఆ అమ్మాయి నా మొహం వంక చూడటం లేదు, నాన్నగారి అరచేతి వంక చూస్తోంది.

"ఆ చేతిలో ఉన్నవి నీళ్ళేగా అండీ?"

"కాదమ్మా. ఆచమనం," అన్నాను.

అనేశాను. నా నోటితో నేనే అన్నాను, నీళ్ళు కాదని. ఆ మాట గదిలో ఒకసారి తిరిగి నా చెవికే వచ్చింది. పట్టుకున్న ఆయన చెయ్యి వదిలేశాను, అరచేతిలో ఉన్నవి దుప్పటి మీద పడిపోయాయి. దుప్పటి తడిసింది. నీళ్ళు కాకపోతే ఎందుకు తడుస్తుంది?

మూడు గుక్కలు, మళ్ళీ మూడు, మళ్ళీ మూడు, పొద్దునా సాయంత్రమూ, తొమ్మిది రోజులు. లెక్కల టీచర్ని, గుణించుకోకుండా ఉండలేకపోయాను. పొడి చెంచాలు కొలిచి కొలిచి పోసినదాన్ని. చార్టులో మంచినీళ్ళు ఉన్నాయి, మజ్జిగ ఉంది, మాత్రల నీళ్ళు ఉన్నాయి. ఆచమనం నా లెక్కలో నీళ్ళ కిందకి రాలేదు. వ్రతం నాడు ఆడవాళ్ళం మేమూ చేస్తాం, పొద్దున్నించీ ఉపవాసం ఉండి చేస్తాం. నీళ్ళు తాగి ఉపవాసం చెడగొట్టుకున్నామని మా ఇంట్లో ఎవరైనా అనుకుంటారా? ఆ అమ్మాయి ఆ తొమ్మిది రోజులూ అడిగింది. తొమ్మిది రోజులూ నేను నిజాయితీగా లేదన్నాను.

ఆ అమ్మాయి తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. పంచపాత్ర తీసి కిటికీలో పెట్టి, నా భుజం మీద చెయ్యి వేసి, దొరికిందిగా మేడమ్, దొరకడమే కావాలి, ఎందుకొచ్చిందో తెలియని జ్వరం అయితే డాక్టరుగారు ఈపాటికి పంపేసేవారు అంది. కిందికి వెళ్ళి డాక్టరుగారికి చెప్పింది. ఆయన పైకొచ్చి, కొద్దికొద్దిగా పోయింది కాబట్టి, త్వరగా పట్టుకున్నాం కాబట్టి, ఇప్పుడు ఆపేశాం కాబట్టి ఇంకో రోజు ఇక్కడే చూడొచ్చన్నారు. ఆ మూడు 'కాబట్టి'లూ నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు.

అసలు కష్టం నాన్నగారికి చెప్పడం. మంచం పక్కన కూర్చుని, ఆచమనం నీళ్ళే ఊపిరితిత్తుల్లోకి పోయాయని, ఇంక కొన్నాళ్ళు చెయ్యకూడదని చెప్పాను. తప్పు నాదేనని చెప్పాను. "అదీ," అన్నారు, చాలా చిన్నగా. తర్వాత గోడ వైపు తిరిగిపోయారు. జ్వరం కంటే అది ఎక్కువ భయపెట్టింది నన్ను. మాట పోయినప్పుడు కూడా ఆయన గోడ వైపు తిరగలేదు.

మధ్యాహ్నం అమ్మ లిఫ్టెక్కి వచ్చింది. జరిగిందంతా చెబితే, తిడుతుందని చూస్తున్నాను. అమ్మ క్యారేజీ బల్ల మీద పెట్టి, ఆయన మంచానికి అటువైపు, గోడకీ మంచానికీ మధ్య ఉన్న సందులో ఎలాగో దూరి, ఆయన మొహానికి ఎదురుగా నిలబడింది.

"ఏమండీ, నీళ్ళు దొరకని చోటా, ఒంట్లో బాగోనప్పుడూ కుడిచెవి ముట్టుకుంటే ఆచమనం చేసినట్టేనని ఊరందరికీ మీరే కదండీ చెప్పారు. తీర్థాలన్నీ ఆ చెవిలోనే ఉంటాయని. మీకు వర్తించదా అది?" అంది.

నాన్నగారు అమ్మ వంక చూశారు. నలభై ఏళ్ళు ఎవరెవరికో చెప్పిన మాట. దగ్గుతో వచ్చిన యజమానులకి, గుండె ఆపరేషనైన ముసలివాళ్ళకి పీటల మీద ఆయనే చెప్పడం నేనూ విన్నాను. విన్నదాన్నే, ఆ తొమ్మిది రోజుల్లో నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. గుర్తొచ్చి ఉంటే ఆయమ్మ ఏడ్చేది కాదు.

ఆ సాయంత్రం ఆరింటికి డాక్టరుగారు వచ్చారు. జ్వరం తొంభైతొమ్మిది. వేలికి మిషన్ తగిలించి అంకె స్థిరపడేదాకా నిలబడ్డారు. నేను ఆ అంకె వంక చూడలేక, ఆయన చొక్కా బొత్తాల వంక చూస్తూ నిలబడ్డాను. వీపు మీద స్టెతస్కోపు పెట్టి అటూ ఇటూ విన్నారు. "వెనక్కి అక్కర్లేదు మేడమ్. ఇక్కడే ఉంటారు," అన్నారు.

ప్రాణం లేచొచ్చింది. అమ్మ ఆయన చేతులు పట్టుకోబోయి, పట్టుకోకూడదేమోనని ఆగి, దణ్ణం పెట్టింది. నేను కిందికి దిగి, వీధి చివర బండి దగ్గర నిలబడి, రెండు పెసరట్లు, ఉప్మాతో సహా తిన్నాను. ముందు రోజు మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదని అప్పుడు తెలిసింది. అల్లం పచ్చడి కారానికి కళ్ళ నీళ్ళు వస్తుంటే, కారానికేలే అనుకుంటూ హాయిగా ఏడ్చుకున్నాను.

తిరిగొస్తూ ఆయమ్మని వెతుక్కుంటూ వెళ్ళాను. దోబీ గదిలో దుప్పట్లు మడత పెడుతోంది. తప్పు నాది, నిన్ను అనకూడని మాటలన్నాను, క్షమించమ్మా అన్నాను. వరండాలో నలుగురిలో అన్నాను కాబట్టి, వరండాలోకి రా, నలుగురిలోనే చెబుతాను అని కూడా అన్నాను. ఆవిడ కంగారుపడిపోయింది. "పోన్లెండి అమ్మగారూ. తండ్రి మీద ప్రేమతో అరిచారు. పెద్దాయన దక్కారు, అది చాలండి," అంది. దుప్పటి రెండో చివర పట్టుకోమని నా చేతిలో పెట్టింది. ఇద్దరం కలిసి ఆ గుట్టంతా మడత పెట్టాం.

మర్నాడు పొద్దున్న ఆరింటికి పంచపాత్ర లేకుండా దిండ్లు ఎత్తి కూర్చోబెట్టాను. ఆయన చెయ్యి పట్టుకోబోతే ఎడమ చేత్తో నా చెయ్యి తోసేశారు. కుడిచేతి వంక చూసుకున్నారు. ఎంత బతిమాలినా వ్యాయామాల హాల్లో కదలని చెయ్యి. మోచెయ్యి కాస్త లేచింది. భుజం వణికింది. చెయ్యి ఛాతీ మీద దాకా వచ్చి అక్కడ ఆగిపోయింది, ఇంక రాలేదు. అప్పుడు ఆయన మెడ వంచారు. తల వాల్చి వాల్చి, చెవినే కిందికి తెచ్చి, ఆ వేళ్ళకి తాకించారు. "కేశవాయ స్వాహా," అన్నారు. అలా రోజూ చేస్తుంటే తల కొంచెం కొంచెం తక్కువ వంచాల్సి వచ్చింది, చెయ్యి కొంచెం కొంచెం పైకి వచ్చింది. వ్యాయామం చెప్పే అబ్బాయి ఆయన్ని చూసి, నా పుస్తకంలో ఈ ఎక్సర్‌సైజు లేదండీ అని నవ్వాడు.

థెరపీ అమ్మాయి మాత్రం తన ప్రశ్న మార్చేసింది. కొత్తగా చేరినవాళ్ళ ఇళ్ళవాళ్ళని ఇప్పుడు నీళ్ళు తాగించారా అని అడగడం లేదు. ఎదురు గదిలోకి వచ్చినవాళ్ళని అడుగుతుంటే విన్నాను. తీర్థం పోశారా, ప్రార్థన చేసిన నీళ్ళు పట్టారా, నోరు పుక్కిలించారా, ఏ పేరుతోనైనా సరే గొంతులోకి తడి ఏదైనా వెళ్ళిందా అని. వాళ్ళ కోడలు, కోరుకొండ గుడి నుంచి తెచ్చిన తీర్థం పొద్దున్న ఒక చుక్క పోశామండి, అది కూడా లెక్కేనా అంది. లెక్కే అని నేను ఇవతలి గదిలోంచి అరిచాను.

జూన్‌లో, మా బడి తెరిచే ముందు వారం, నాన్నగారికి మింగే పరీక్ష మళ్ళీ చేశారు. మెషీన్లో పరీక్ష బాగానే వచ్చింది. ఇప్పుడిక మామూలు నీళ్ళు, పొడి లేకుండా, మొదటిసారి. థెరపీ అమ్మాయి ఆయన్ని కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, గెడ్డం కిందికి దించమంది. అమ్మా నేనూ పక్కన నిలబడ్డాం. డాక్టరుగారు కూడా వచ్చారు. ఒక చెంచా నోట్లో పోసింది. ఆయన దాన్ని మింగకుండా కాసేపు అలాగే ఉంచుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. గొంతు కదిలింది. ఆ అమ్మాయి గొంతు మీద రెండు వేళ్ళు పెట్టి, స్టెతస్కోపుతో విని, 'ఆ' అనండి తాతగారూ అంది. ఆ అన్నారు. గరగర లేదు, తడి లేదు, శుభ్రమైన ఆ. రెండో చెంచా, మూడో చెంచా. అయిదింటితో ఆపేసి, గ్లాసు మీద మూత పెట్టింది.

నాన్నగారు మూత వంక చూశారు. పెదాలు కదిలాయి. 'అదీ' అంటారనే అనుకున్నాం అందరం.

"ఇంకొంచెం," అన్నారు.

అమ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. అది మంత్రం కాదు, చిన్నప్పుడు నేర్చుకున్నది కాదు. దాహం వేసి, ఆయనకై ఆయన వెతుక్కుని తెచ్చుకున్న మాట. థెరపీ అమ్మాయి డాక్టరుగారి వంక చూసింది. ఆయన తల అడ్డంగా ఊపారు. మొదటి రోజు కదా, ఇంతే అన్నారు.

"ఇంకొంచెం," అన్నారు నాన్నగారు మళ్ళీ. ఈసారి గట్టిగా, పెళ్ళి పందిట్లో ముహూర్తం దాటిస్తున్నవాళ్ళని కేకలేసే గొంతుతో. నా వైపు తిరిగి అన్నారు. గ్లాసు నాకు చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో ఉంది.

నేను చేతులు వెనక్కి కట్టుకున్నాను. ఏడుస్తూనే, "రేపు నాన్నగారూ, రేపు," అన్నాను.